చిన్న సవరణ

ఆమె లిఫ్టుల రిపేరు పుస్తకాలు రాస్తుంది. మెకానిక్కులు పక్కన పెట్టుకుని పనిచేసే పుస్తకాలు. రాయడం అన్నమాటే గానీ సగం అతుకుల పనే. ఒక హెచ్చరికను ఒక్కసారి రాసి ఒకచోట ఉంచితే, సాఫ్ట్‌వేర్ దాన్ని నలభై పుస్తకాల్లోకి తనే తెచ్చి పెడుతుంది. ఆ ఒక్కటీ తీసేస్తే నలభై చోట్లా పోయినట్టే.

ఆ సాయంత్రం ఐదింటికి కొత్త పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి. బయట ముసురు. ఆఫీసు లిఫ్టు పొద్దున్నుంచి ఆపేసి ఉంది, నడవా అంతా గ్రీజు వాసన. మూడింటికి పుస్తకం తయారు చేసి తెరిస్తే, పన్నెండో పేజీలో హెచ్చరిక కింద తను రాయని వాక్యం ఒకటి కనిపించింది.

‘తాళంచెవి నా జేబులో లేదు.’

అసలు హెచ్చరిక తెరిచి చూసింది. అందులో ఆ వాక్యం లేదు. మళ్ళీ తయారు చేసింది. పుస్తకంలో ఉంది.

ఆమెకు గుర్తొచ్చింది. పోయిన వేసవిలో ఒకేలా ఉన్న రెండు హెచ్చరికలు చూసి, రెండెందుకులే అని ఒకటి తీసేసింది. ఉంచినదాంట్లో ‘మెయిన్ స్విచ్ ఆపి లిఫ్టు కింది గొయ్యిలోకి దిగండి’ అని మాత్రమే ఉంది. తీసేసినదాంట్లో ‘ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగండి’ అని ఉండేది. రెండు నెలలకి ఒక కొత్త మెకానిక్ ఆ పుస్తకం చూసుకుంటూ మెయిన్ ఆపి దిగాడు. పైన ఎవరో వేసేశారు, లిఫ్టు కిందికొచ్చి అతను చనిపోయాడు. అతని అజాగ్రత్తే కారణమని విచారణలో తేల్చారు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఈవిడ కిమ్మనలేదు.

ఇది ఎదురు సీటు కళ్ళజోడు కుర్రాడి పనే అనుకుంది. వారం నుంచి ఓరకంట చూస్తున్నాడు. సంగతి పసిగట్టి ఆడుకుంటున్నాడు కాబోలు.

“హెచ్చరికల ఫోల్డర్‌లో వేలు పెట్టావా?” అంది గొంతు తగ్గించి.

“నాకు అది తెరిచే అనుమతే లేదు కదక్కా. మీరేగా తీయించారు, పోయిన వేసవిలో.”

చివరి మాట నొక్కి పలికినట్టు తోచింది ఆమెకు.

ఆ వాక్యం ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌లో వెతికించింది. ఎక్కడా లేదంది. పాత ఫైళ్ళన్నీ తుడిచేసి మళ్ళీ తయారు చేసింది.

‘పైన ఎవరో మెయిన్ వేశారు.’

మళ్ళీ...

‘మీకు తెలుసు.’

ఈసారి ప్రతి పేజీలో... ఒక్కటీ వదలకుండా.

ఆమె పాత నిల్వలోంచి తీసేసిన హెచ్చరికను వెతికి యథాస్థానంలో పెట్టింది. ఎందుకు మార్చారని సాఫ్ట్‌వేర్ అడిగింది. ‘చిన్న సవరణ’ అని కొట్టింది. పుస్తకం కడిగిన ముత్యంలా వచ్చింది. ఐదింటికి ఐదు నిమిషాలుండగా ప్రెస్సుకు పంపేసి, హమ్మయ్య అనుకుంది.

“లిఫ్టు పని అయిందా?” అంది కోటు తొడుక్కుంటూ.

“ఎక్కడక్కా? మెకానిక్ పదకొండింటికే వెళ్ళిపోయాడు. మెయిన్‌కి తాళం వేసి, తాళంచెవి తనతోనే పట్టుకెళ్ళాడు.”

మెట్లవైపు నడుస్తూ ఆమె జేబులో చెయ్యి పెట్టింది. చల్లగా ఏదో తగిలింది. తీసి చూసింది... తాళంచెవి. వేళ్ళకి నల్లగా గ్రీజు అంటుకుంది.

మూసి ఉన్న లిఫ్టు తలుపుల వెనక మోటారు మెల్లగా తిరగడం మొదలైంది.

గొయ్యి అడుగునుంచి ఎవరో నెమ్మదిగా అడిగారు.

“మేడమ్... చిన్న సవరణేనా?”