కిటికీ కింద గోడ

హెబ్రోను భార్యను పలకరించి ఎన్నాళ్లయిందో గాని, గోడను మాత్రం రోజూ పొద్దున్నే పలకరిస్తాడు. రైల్వేలో ముప్పై ఏళ్లు పట్టాలు తనిఖీ చేసిన మనిషి. రిటైరయ్యాక తనిఖీకి ఇల్లొక్కటే మిగిలింది. చెవి మీద పెన్సిలు, చేతిలో టార్చి. బయటి గోడ మీద సాలెగూడులా పాకిన ప్రతి పగులు పక్కనా తారీఖు వేస్తాడు. భార్య ఎలిశబెతు పుట్టినరోజు తారీఖు మాత్రం ఆయనకు ఏనాడూ గుర్తుండదు.

ఆ గోడకు ప్లాస్టరింగ్ చేసింది ఎలిశబెతు తమ్ముడు ఆనందబాబు, కావలిలో మంచి మేస్త్రీ. "సిమెంటు తగ్గించి నా కొంప తీసినాడు" అని హెబ్రోను చర్చి వాకిట్లో నలుగురి ముందూ అన్న రోజు నుంచి అతను వీళ్ల ఊరు బిట్రగుంటలో రైలు దిగలేదు. పది నెలలు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎలిశబెతు అలవాటుగా మూడు కంచాలు తీస్తుంది. తమ్ముడిది మళ్లీ అరలో పెడుతుంది. ఆ చప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ వినిపించదు.

ఆ శనివారం పొద్దున హెబ్రోను కేకేశాడు. "ఇంకో నాలుగు పుట్టినాయే! మీ తమ్ముడి పనితనం!"

ఎలిశబెతు వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది. "ఈ కిటికీ కింద కూడా తారీఖు వేయండి. దీనిమీద మాత్రం ఎందుకంత చిన్నచూపు?"

ఆయన వంగాడు. టార్చి వేశాడు. వేలితో తడిమాడు. కిటికీ కింద మూరెడు వెడల్పున గోడ నున్నగా ఉంది.

"ఈడ ఒక్కటీ లేదే! ఇది ఎవురు పూసినారు?"

"అదే తమ్ముడు. అదే సిమెంటు."

"మరి ఎట్టా?"

"వారం దినాలు గోడ తడపమని వాడు చెప్పి పోయినాడు. క్రిస్మస్‌కి రంగులు పడాలని మూడో రోజే మీరు పైపు చుట్టేసినారు. బియ్యం కడిగిన నీళ్లు కిటికీలోంచి పోస్తానని నన్ను తిడతారు కదా, ఆ వారమంతా కూడా పోసినాను. ఈడ మటుకు గోడ తాగింది."

"అప్పుడే చెప్పొచ్చు కదే?"

"పైపు చుట్టొద్దని అప్పుడే చెప్పినాను. నా మాట వినపడలేదు. గోడ మాటైతే వింటారని ఇప్పుడు పిలిచినాను."

హెబ్రోను చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అక్కడి నుంచే ఫోను తీశాడు.

"చెప్పండి" అన్నాడు ఆనందబాబు. బావా అనలేదు.

"ఒరే ఆనందా, నీ పనిలో లోపం లేదురా. నీళ్లు ఆపింది నేను. రేపు చర్చి వాకిట్లో, ఆ మాట అన్నచోటే నిలబడి చెప్తాను. నువ్వొచ్చి విను. తప్పు నాది."