పసుపు మరక పేజీ

రఘునాథపల్లిలో యోహాను ఇంట్లో పొద్దున్నే టీ కంటే ముందు బైబిలు వాక్యం రావాలి. అది అతని భార్య వజ్రమ్మ పెట్టిన కట్టడి. ఆమెకు చదువు రాదు. యోహాను చదువుతాడు, ఆమె వింటుంది, తర్వాత ఇద్దరూ కళ్లు మూసుకుని కాసేపు ఊరకుంటారు. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా ఆమె రెండో కట్టడితోనే. విన్నది చేసేదాకా పేజీ తిప్పకూడదు. గుర్తుగా అక్కడొక చీపురు పుల్ల పెడుతుంది.

దీపం వెలిగించి కుంచం కింద దాచవద్దన్న మాట వచ్చిన రోజున ఇంట్లో ఉన్న పెద్ద బల్బును విప్పించి గేటుకు కట్టించింది. వాడకట్టంతా వెలుగులో నడుస్తుంటే యోహాను చీకట్లో చెంబు వెతుక్కున్నాడు. అయితేనేం, పేజీ ముందుకు కదిలింది.

ఇప్పుడు మాత్రం నెల రోజులుగా పుల్ల కదలడం లేదు. కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరికి వచ్చాక సోదరుడి సంగతి గుర్తొస్తే, కానుక అక్కడే విడిచి, ముందు పోయి అతనితో సమాధానపడమని ప్రభువు కొండమీద ప్రసంగంలో చెప్పిన చోటది. యోహానుకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, సాంసన్. రెండు వీధుల అవతలే ఇల్లు. పోయిన క్రిస్మస్ నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఆ రోజు చర్చిలో యోహాను కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. సాంసన్ ఢోలక్ వాయిస్తున్నాడు. రెండో చరణంలో ఢోలక్ ఆగిపోయింది. "అన్నా, తాళం తప్పుతున్నవ్," అని సాంసన్ మెల్లగానే అన్నాడు గానీ మైకు పక్కనే ఉంది. జనమంతా నవ్వారు. ఆరాధన అయ్యాక యోహాను ఆ ఢోలక్‌ను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చేశాడు. అది మా నాయినది, పెద్దకొడుకును నేనే అన్నాడు. దుప్పటి చుట్టి అల్మారా మీద పెట్టాడు. అతనికి దాన్ని వాయించడం రాదు.

ఆ శుక్రవారం పొద్దున యోహాను రెండు పేజీలు కలిపి తిప్పేసి, గొంతు సవరించుకుని గంభీరంగా మొదలుపెట్టాడు.

"ఆగు," అంది వజ్రమ్మ. "పసుపు మరక ఏమాయె?"

"ఏ మరక?"

"కూర జేసుకుంట పట్టుకున్న నాటి మరక. గది మనం ఇంక దాటలే."

దొరికిపోయిన యోహాను వెనక్కి తిప్పాడు. "చర్చిల అయ్యగారు వారం వారం అడుగుతుండు, ఎందాక వచ్చిండ్రని. అందరు నాలుగైదు పుస్తకాలు దాటిండ్రు. ప్రభువే కొండ దిగిపోయిండు, నేను ఇంక కొండమీదనే ఉన్ననని ఎట్ల చెప్పాలె?"

"తమ్ముని తాన పోయిరా. రేపటి సంది ఉరుకుదాం."

"వాడు నన్ను పదిమందిల నవ్వులపాలు జేసిండు. వాడే రావాలె."

"ఇగ రాడు. వాళ్లు ఆదివారం సాయంత్రం భూపాలపల్లి పోతున్నరు. బొగ్గు బాయికాడ బండి నడిపే పని దొరికిందట. సామాను కట్టుకుంటున్నమని శ్రీలత చెప్పింది."

శ్రీలత సాంసన్ భార్య. తోడికోడళ్ల మధ్య మాటలు ఒక్కరోజూ ఆగలేదు, ఆ సంగతి అన్నదమ్ములకే తెలియదు. యోహాను "పోతే పోనీ" అన్నాడు. ఆ పొద్దున టీలో చక్కెర వేయడం వజ్రమ్మ మరిచిపోయింది, అతను చివరిదాకా తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

ఆదివారం కోత పండుగ. పంటలోంచో పెరట్లోంచో తలా ఒకటి తెచ్చి దేవునికి ఇస్తారు, ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. దానికోసం యోహాను ఏడాదిగా ఒక కోడిపుంజును పెంచుతున్నాడు. నూకలు, జొన్నలు, ఎండాకాలంలో ఫ్యాను గాలి కూడా. సొంత తమ్ముడితో మాట్లాడని మనిషి పుంజును మాత్రం పొద్దూ మాపూ పలకరించేవాడు.

ఆదివారం తెల్లచొక్కా వేసుకుని, పుంజును గంపలో పెట్టుకుని వచ్చేసరికి వజ్రమ్మ పాతచీరలోనే గడపమీద కూర్చుని ఉంది.

"తయారు గాలేదేంది?"

"నేను రాను. నెల సంది నువ్వే చదివి వినిపిస్తున్నవ్. ఇని గూడ పుంజును పట్టుకుని ఎట్ల పోతవ్?"

"నాకు వాని మీద కోపముంటే నేనెందుకు పోవాలె?"

"ఒక్కసారి చదువు. జర మెల్లగ."

యోహాను గంప దింపి, నిలబడే చదివాడు. సోదరుడికి నీ మీద ఏమైనా ఉంటే, అని ఉంది.

"నీకు వాని మీద అని లేదు గద," అంది వజ్రమ్మ. "వానికి నీ మీద ఏమున్నదో ఎన్నడన్న అడిగినవా?"

"వానికేముంటది నా మీద?"

వజ్రమ్మ అల్మారా మీదికి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "సాయంత్రం వాళ్లు పోతరు. ఇగ ఎవరు సచ్చిననాడు కలుస్తరయ్యా మీరు?"

"నీకు చదువే వచ్చుంటే నన్ను బతకనియ్యకపోదువు," అని యోహాను గంప ఎత్తుకుని బండి కిక్కు కొట్టాడు.

చర్చిలో బల్ల ముందు గుమ్మడికాయలు, వడ్ల మూటలు, మొక్కజొన్న పొత్తులు. అయ్యగారు పుంజును చూసి మెచ్చుకున్నారు. "సాంసన్ ఇయ్యాల వెళ్లిపోతున్నడట గదా. తోలుకరాలేదా యోహానన్నా?"

"వాడెవడో నాకు తెల్వదు అయ్యగారూ."

గంపలోంచి పుంజు గట్టిగా కూసింది.

ప్రభువును ఎరగనని బొంకి, కోడి కూయగానే ఏడ్చిన శిష్యుడి సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ముందు వరుసలో వాళ్లు కిసుక్కుమన్నారు. అయ్యగారు దగ్గు తెచ్చుకున్నారు. యోహాను కూడా నవ్వుదామనుకున్నాడు, చేతకాలేదు. ఆ మాట అన్నది నేనేనా అనుకున్నాడు. నెల రోజులుగా నోటితో చదివిన మాట అప్పుడు గుండెలో పడింది. దేవుడు తనను పేరు పెట్టి పిలిచినట్టే అనిపించింది.

పుంజును బల్ల కాలికి కట్టేశాడు. "ఇది ఈడనే ఉంటది అయ్యగారూ. నేను పోయొస్త."

ఇంటికొచ్చి అల్మారా మీంచి ఢోలక్ దింపుతుంటే వజ్రమ్మ గడప మీంచి లేచింది. "చీర మార్చుకోనా?" అంది. "వద్దు, దా," అన్నాడు.

సాంసన్ ఇంటిముందు ట్రాలీ ఆటో సగం నిండి ఉంది. అతను నీళ్ల డ్రమ్మును బోర్లించి, చంటిబిడ్డను నవ్వించడానికి దానిమీద దరువు వేస్తున్నాడు. అన్నను చూసి చేతులు ఆగిపోయాయి.

యోహాను ఢోలక్ తీసి తమ్ముడి ఒళ్లో పెట్టాడు. "నాయిన నీకు నేర్పిండు, నీకే ఇచ్చిండు. నేను గుంజుకొచ్చిన. తప్పైంది తమ్మీ."

సాంసన్ ఢోలక్‌ను నిమిరాడు. "మైకు నడుస్తున్నదని నాకు తెల్వదన్నా. మాట బయటికచ్చినంక నేనే పరేషానైన. మాపటేల మీ ఇంటి ముందల నుంచే పోయేటోన్ని. లోపల ఢోలక్ సప్పుడైతదేమో, నువ్వన్న కొడుతున్నవేమోనని."

"నాకు తాళం యాడొస్తది," అన్నాడు యోహాను. ఏడాదిగా దిగమింగుకున్న మాట బయటపడగానే అతను తమ్ముడి భుజం మీద వాలి పిల్లాడిలా ఏడ్చాడు. శ్రీలత బిడ్డను వజ్రమ్మకిచ్చి కొంగుతో మొహం దాచుకుంది.

నలుగురూ చర్చికి చేరేసరికి పుంజు అయ్యగారి ప్రసంగంలో మాటమాటకూ కూస్తోంది. ఆయన ప్రసంగం సగంలో ముగించారు, సంఘం లోలోపల సంతోషించింది. యోహాను పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో తాళం మళ్లీ తప్పింది. ఈసారి ఢోలక్ ఆగలేదు, అన్న ఎటుపోతే అటే పోయింది. వేలంలో మాత్రం పుంజుకు ధర పలకలేదు. అంత సాక్ష్యం చెప్పినదాన్ని వండుకోవడానికి ఎవరికీ మనసొప్పక, అది అయ్యగారి పెరట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం ఢోలక్ భూపాలపల్లి వెళ్లింది.

సోమవారం పొద్దున చాప మీద బైబిలు పక్కనే ఫోను కూడా పెట్టారు. ఇక్కడ యోహాను పాట, అక్కడ సాంసన్ ఢోలక్. దరువు కాస్త ఆలస్యంగా వచ్చి చేరుతుంటే, తప్పు అన్నదో సిగ్నల్‌దో చెప్పగలవాళ్లు లేరు. పాటయ్యాక వజ్రమ్మే చీపురు పుల్ల తీసేసింది. "ఇగ తిప్పు."

యోహాను పసుపు మరక మీద బొటనవేలు పెట్టి కూర్చున్నాడు.

"జర ఆగే. అయ్యగారు అడిగితే అడగనీ. ఇయ్యాల ఒక్కనాడు గీడనే ఉందాం."

అని మొదటి నుంచి, మెల్లగా, మళ్లీ చదివాడు.