నిద్రలేచిన ఏడో గది

మధ్యాహ్నపు ఎండ డిటెక్టివ్ బల్ల మీద కునుకు తీస్తోంది. కంప్యూటరు స్క్రిప్టులు రాసే అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

"అయ్యా, ఏడో గది పూసేసింది! సాయంత్రానికి నా ఉద్యోగం ఊడుతుంది."

పూలదుంపల్ని చలిలో నిద్రపుచ్చే గిడ్డంగి అది. ఏడు గదులు, గదిగదికీ ర్యాకులు, ఒక్కో ర్యాకుకూ ఒక కూలరు. ఆమె స్క్రిప్టు ప్రతి సోమవారం అన్నిటికీ ఎంత చలి ఉండాలో చెప్పి వస్తుంది. మొన్న సోమవారం ఆమె సెలవు, సూపర్‌వైజరు నడిపాడు. అయినా యజమానురాలు, "రాసింది నువ్వేగా, కావాలనే వదిలేశావు" అంది.

డిటెక్టివ్ మేనకోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఏడో గది చీకట్లో వేల పూలు, కలలో ఎవరో పిలిస్తే తలెత్తినట్టు నిలబడి ఉన్నాయి. ర్యాకులకింకా కొత్త రంగు వాసన పోలేదు.

"ర్యాకులు లెక్కపెట్టవే."

"గదికి నాలుగు మావయ్యా. మొత్తం ఇరవై ఎనిమిది."

సూపర్‌వైజరు నడుం పట్టుకున్నాడు. "అన్నీ మోసింది నేనే బాబూ. ఏడో గదివి పోయినవారమే మార్చాం. రిపోర్టు చూడండి, ఇరవై నాలుగూ పచ్చగా వచ్చాయి. ఒక్క ఎర్రగీత లేదు!"

డిటెక్టివ్ అమ్మాయిని అడిగాడు. "నీ స్క్రిప్టు ఎలా తిరుగుతుందమ్మా?"

"పోస్ట్‌మ్యాన్‌లాగండీ. వీధి వెంట వీధి, వీధిలో గడప గడపకీ. ముందు గది, ఆ గదిలో ఒక్కో ర్యాకు."

"గడపలే రాయని వీధి తగిలితే?"

"ఎర్రగీత వేసి ఆగిపోవాలి. అలాగే రాశాను."

సాయంత్రం యజమానురాలి గదిలో అందరూ చేరారు.

"స్క్రిప్టు చదివే జాబితాలోంచి పాత ర్యాకుల్ని తీశారు, కొత్తవి ఎక్కించలేదు," అన్నాడు డిటెక్టివ్. "గది పేరుంది, దాని కింద ఏమీ లేదు. స్క్రిప్టు అక్కడ ఆగి అరవాలి. అరవలేదంటే, 'ర్యాకులు లేకుంటే దాటిపో' అని ఎవరో స్క్రిప్టులో ఒక వరుస చేర్చారు." సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "ఇరవై ఎనిమిది మోసిన నడుం నీది. ఇరవై నాలుగు చూసి ఉలిక్కిపడలేదేం?"

తనే లెక్కపెట్టీ పట్టుకోలేకపోయినందుకు మేనకోడలు నాలిక కరుచుకుంది.

సూపర్‌వైజరు తల దించుకున్నాడు. "ఎర్రగీత వస్తే అమ్మగారు కేకలేస్తారని... తర్వాత ఎక్కిద్దామని మరిచానండి. పూశాక చెప్పడానికి నోరు రాలేదు."

"నీకు నోరు రాక, ఆ పిల్ల నోటికాడి కూడు పోయేది," అంది యజమానురాలు. మళ్ళీ తనే, "కేకలేసింది నేనేలే," అని గొణిగింది.

అమ్మాయి ఆ వరుస చెరిపి స్క్రిప్టు నడిపింది. ఏడో గది దగ్గర ఎర్రగీత వెలిగింది. ఎవరూ అరవలేదు. నాలుగు ర్యాకులూ ఎక్కించి మళ్ళీ నడిపింది.

గోడ అవతల కూలర్లు మెల్లగా ఊపిరి తీసుకున్నాయి. తొందరపడి లేచిన పూలు చలికి ఒక్కసారి వణికాయి.