పదకొండో నంబరు మీద ఉన్నది

ఆదివారం. షాపు షట్టరు సగం దించి ఉంది. బయట వాన పట్టిన తీరు చూస్తే ఇవాళ్టికి వదిలేలా లేదు. మధ్యాహ్నమే లైట్లు వేసుకోవలసి వచ్చింది. బల్ల లైటు కింద ఒక పాత లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని చిన్ని కూర్చుంది. ఇటుకంత బరువు, దగ్గు పట్టిన ఫ్యాను, పక్కన కార్డులు దూర్చే వెడల్పాటి గాడి. ఇలాంటివి ఇప్పుడెవరూ తయారు చెయ్యరు. బాగుచేసేవాళ్ళు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. వాళ్ళలో చిన్ని ఒకతి. పాతవాటికి ఓపిక కావాలి అంటుంది. ఓపిక గురించి ఆమె నోట వింటే మేడ మీదున్న మొగుడికి నవ్వాగదు.

మొగుడు స్కూలు బస్సు నడుపుతాడు. ఆదివారం వంట ఆయనది. వంట చేస్తూ పాడతాడు, అంటే అది పాటేనని ఆయన ఉద్దేశం. ఎక్కడ ఎత్తుకుంటాడో, ఎక్కడ దించుతాడో పాట రాసినవాళ్ళకి కూడా అంతుబట్టదు. ఉల్లిపాయలు వేగుతున్న వాసన, ఆ గొంతు కలిసి మెట్ల మీదుగా షాపులోకి దిగి వస్తున్నాయి.

"చిన్నీ! ఇంకెంతసేపు?"

"అయిపోయిందండీ! పది నిమిషాలు!"

"నీ పది నిమిషాలు నాకు తెలీదా!" అని మళ్ళీ పాటందుకున్నాడు.

లాప్‌టాప్ అన్నయ్యది. నిన్న సాయంత్రం తడిసి ముద్దై వచ్చి, సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాంతోపాటు పాత కెమెరా కార్డొకటి, ఆ కార్డుని ఈ గాడిలో పెట్టడానికి ఒక అడాప్టరు.

"ఇందులో అమ్మ ఉంది చిన్నీ," అన్నాడు. "చివరి రోజుల్లో తీశాను. నీతో మాట్లాడింది. నిన్ను పేరు పెట్టి పిలిచింది."

అమ్మ పోయినప్పుడు చిన్ని దగ్గర లేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ బాధ ఆమెకి ఇప్పటికీ గొంతులో ముల్లులా అడ్డం పడే ఉంది. అది ఈ లోకంలో బాగా తెలిసినవాడు అన్నయ్య ఒక్కడే.

"మరి నువ్వే తెరవొచ్చుగా? ఈ పని నాకు నేర్పిందే నువ్వు."

"నా వల్ల కాదు. చేతులు వణుకుతున్నాయి. అమ్మ గొంతు ముందు నువ్వే వినాలి." కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. మనిషి సగమయ్యాడు. వదిన పుట్టింటికెళ్ళి మూడు నెలలైంది. ఏదో మాటా మాటా వచ్చిందన్నాడు. చిన్ని గుచ్చి గుచ్చి అడగలేదు. వదినకి రెండుసార్లు ఫోను చేసింది, మోగలేదు. కోపం తగ్గాక ఆమే చేస్తుందిలే అనుకుని ఊరుకుంది.

ఇక ఇవాళ పొద్దుటినుంచీ ఈ యంత్రంతో కుస్తీ. పాత లాప్‌టాపుల్లో ప్రతి భాగానికీ ఒక నంబరుంటుంది. శబ్దానికొకటి, మౌసుకొకటి, కార్డు గాడికొకటి. ఆ నంబరు చెప్పే ఆ భాగం లోపలి మెదడుని పిలుస్తుంది. ఉన్నవే కాసిని నంబర్లు. ఒకే నంబరు రెండు భాగాలకి పడిందా, ఒకే ఇంటి నంబరు రెండిళ్ళకి రాసినట్టే. ఉత్తరాలు తెచ్చినవాడు ఏ గుమ్మం ఎక్కాలో తెలియక వీధిలో నిలబడిపోతాడు. యంత్రమూ అంతే, బిగుసుకుపోతుంది.

అడాప్టరు పెట్టగానే తెర మీద పసుపు గుర్తు వచ్చింది. దీనికి కావలసింది పదకొండో నంబరు. దాని మీద అప్పటికే ఇంకొకటి కూర్చుని ఉంది. పేరు చూస్తే, గుర్తు తెలియని పరికరం.

చిన్ని అడాప్టరుని వేరే నంబరుకి మార్చి చూసింది. ఒప్పుకోలేదు. పేరు లేనిదాన్ని మార్చి చూసింది. మారినట్టే మారి, తెర మళ్ళీ వెలిగేసరికి పదకొండు మీదికే వచ్చి కూర్చుంది. సరే నీ సంగతి చూస్తానని వెనక మూత విప్పింది. ఫోను తీగ పెట్టే ముక్క పీకేసింది. అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటీ ఊడదీసి బల్ల మీద పేర్చింది. మళ్ళీ వెలిగించింది.

గుర్తు తెలియని పరికరం, పదకొండో నంబరు.

లోపల ఇక ఊడదీయడానికేమీ మిగల్లేదు. మరి ఆ పేరు దేనిది? ఇంకెవరి యంత్రమైనా అయితే చిన్ని అక్కడే ఆగేది. తెలియనిదాన్ని తెలిసేదాకా కెలకదు ఆమె. కానీ ఇందులో అమ్మ ఉంది. పైగా ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అన్నయ్య మొదటి రోజుల్లోనే చెప్పాడు. పేరు లేనిదాన్ని ఆపెయ్, ఎవరికీ పనికిరాదు కాబట్టే దానికి పేరు లేదు అని. ఇన్నేళ్ళలో ఎన్నిటిని అలా ఆపిందో లెక్కే లేదు.

ఆపు అన్నచోట నొక్కింది. ఆపితే ఇది ఇక పనిచెయ్యదు, సరేనా అని తెర అడిగింది.

సరే అంది.

మేడ మీద పాట ఆగింది. చరణం చివర కాదు, మాట మధ్యలో.

ఉప్పు చూస్తున్నాడేమో అనుకుంది. ఆమె కళ్ళు తెర మీదున్నాయి. పసుపు గుర్తు పోయింది. కార్డు కనిపించింది. తెరిచింది.

ఖాళీ.

తుడిచేసినవాటిని వెతికి తెచ్చే ఉపాయాలన్నీ ఆమె దగ్గరున్నాయి. అవన్నీ ప్రయోగించింది. తుడిచిన గుర్తు కూడా లేదు. ఆ కార్డు మీద ఎప్పుడూ ఎవరూ ఏమీ తియ్యలేదు. అన్నయ్య పొరపాటున వేరే కార్డు ఇచ్చుంటాడు, అంతేనని తనకి తాను చెప్పుకుంది. ఎందుకో ఆ మాట తనకే అతకలేదు.

అప్పుడు వాసన తగిలింది. ఉల్లిపాయలు మాడుతున్నాయి. దాని వెనక ఇంకో వాసన... ఏళ్ళ తరబడి మూసి ఉంచిన బీరువా తలుపు తీసినట్టు.

"ఏమండీ! మాడుతోంది!"

కుళాయి ధారగా పడుతున్న చప్పుడు.

చిన్ని మెట్లెక్కింది. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. బాణలి నల్లబడి పొగలు కక్కుతోంది. పలక మీద సగం తరిగిన టమాటా, పక్కన చాకు. ఆయన చెప్పులు పొయ్యి ముందే ఉన్నాయి, రెండూ జంటగా, కాళ్ళు వాటిలోంచి ఇప్పుడే బయటికి తీసినట్టు. పొయ్యి ఆపింది. కుళాయి కట్టింది. పడకగది చూసింది, స్నానాలగది చూసింది. వీధి తలుపు గడియ లోపలినుంచే వేసి ఉంది.

"ఏమండీ... ఆటలొద్దు. నాకు భయమేస్తోంది."

కుర్చీ కిర్రుమంది.

భోజనాల బల్ల దగ్గర, ఆయన కూర్చునే కుర్చీ. ఎవరూ లేరు. కానీ కుర్చీ మీది మెత్త కిందికి అణిగి ఉంది. మధ్యలో గుంట. బరువుగా ఎవరో కూర్చున్నట్టు.

చిన్ని మెట్ల వైపు ఒక అడుగు వెనక్కి వేసింది.

కుర్చీ బల్ల దగ్గరికి జరిగింది... నెమ్మదిగా... నేల మీద గీసుకుంటూ. బల్ల మీద బోర్లించిన కంచం పైకి లేచింది. వెల్లకిలా తిరిగింది. ముందుకి జరిగి ఆగింది.

అది అన్నం కోసం చూస్తోంది.

చిన్ని మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. అన్నయ్యకి ఫోను చేసింది. వెంటనే ఎత్తాడు.

"చిన్నీ," అన్నాడు. ఏమైంది అని అడగలేదు. ఆ అడగకపోవడంలోనే ఆమెకి సగం అర్థమైంది.

అతని వెనకనుంచి ఒక ఆడమనిషి నవ్వు వినిపించింది. "ఫోనెవరండీ?"

వదిన.

"వదిన ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే. వంటింట్లోంచి నడిచొచ్చింది."

"పుట్టింటినుంచి కదా రావాల్సింది?"

అతను గొంతు తగ్గించాడు. "తను పుట్టింటికి వెళ్ళలేదు చిన్నీ. నేనూ నీలాగే ఆపాను. ఆపితే అది బయటికొస్తుంది. దానికి ఒక చోటు కావాలి. ఇంట్లో ఎవరిదో ఒకరిది తీసుకుంటుంది. మూడు నెలలు... మూడు నెలలు దానికి రెండు పూటలా వడ్డించాను. తెలుసా నీకు?"

"మళ్ళీ ఆన్ చేస్తే?"

"లోపలికి పోతుంది. కానీ పోయినవాళ్ళు రారు. రావాలంటే ఇంకొకరి చేత ఆపించాలి. వాళ్ళకి తెలియకూడదు. నాకా లాప్‌టాప్ అమ్మినవాడు తనూ నాకదే చేశానని కాళ్ళ మీద పడి ఒప్పుకున్నాడు."

"ఇంతమందిలో నేనే దొరికానా నీకు?"

"నేనేం చెప్తే అది నమ్మేది నువ్వొక్కదానివేగా," అన్నాడు.

చిన్నప్పుడు చీకట్లో నడవాలంటే ఈ మనిషి చొక్కా కొస పట్టుకునేది. కళ్ళు మూసుకుని దూకు, పట్టుకుంటాను అంటే గోడ మీదనుంచి దూకేది. దెయ్యమేదో మొగుణ్ణి మింగిందన్న భయం కంటే, దాన్ని సంచీలో పెట్టుకుని తడుస్తూ మోసుకొచ్చింది ఇతనన్న సంగతే ఆమెని నిలువునా కోసేసింది.

"పోనీ... అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచిందన్నావే. అదైనా నిజమేనా?"

"చివరి రోజుల్లో అమ్మకి మాట పడిపోయింది చిన్నీ."

ఫోను పెట్టేసింది. ఏడుపు రాలేదు. నవ్వొచ్చినట్టయింది. ఎంత తేలిగ్గా ముంచాడు! వేరే ఎర అక్కర్లేకపోయింది, అమ్మ ఉందంటే చాలింది.

పైన కంచం చప్పుడైంది. టక్. కాసేపాగి మళ్ళీ... టక్. టక్.

లాప్‌టాప్ ఇంకా వెలుగుతోంది. ఆయన తిరిగి రావాలంటే దారి తెలిసిపోయింది. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఊళ్ళో నలుగురున్నారు. పిలిస్తే పరుగున వస్తారు. పేరు లేనిదాన్ని ఆపెయ్యమని వాళ్ళకి నేర్పింది తనే. ఒకామె ముఖం కళ్ళ ముందుకొచ్చింది కూడా. మొన్ననే పెళ్ళయింది ఆ పిల్లకి. ఫోనులో ఆమె నంబరు దాకా వెళ్ళిన వేలిని చూసుకుని చిన్నికి తన మీద తనకే కంపరం పుట్టింది. అన్నయ్య చేతులు వణికింది ఇందుకే కాబోలు. వణికాయి కానీ ఆగలేదు.

తను ఆగింది. ఫోను పక్కన పెట్టింది. గుర్తు తెలియని పరికరం మీదికి వెళ్ళి ఆన్ చేసింది.

పైన కుర్చీ ఒక్కసారి కిర్రుమని, ఊరుకుంది. బీరువా వాసన మెట్ల మీదుగా దిగి, ఆమె మెడ పక్కనుంచి చల్లగా వెళ్ళి... బల్ల దాకా వచ్చి పోయింది. ఫ్యాను ఒకసారి దగ్గి మళ్ళీ తిరగసాగింది. పోయినవాళ్ళు రారని విన్నా, చిన్ని చెవులు రిక్కించి కూర్చుంది. పాట కోసం. అడుగుల చప్పుడు కోసం. ఆయన దగ్గు వినిపించినా చాలు.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఫోను మోగింది. అన్నయ్య నంబరే. ఈసారి కడిగి పారెయ్యాలనుకుని ఎత్తింది.

"చిన్నీ... గట్టిగా మాట్లాడకు."

అన్నయ్య కాదు. వదిన. గుసగుసగా, ఊపిరి అందనట్టు.

"వదినా?"

"మీ అన్నయ్యకి తెలియనివ్వకు."

అదే ఫోనులో, వెనక ఎక్కడో, వదిన నవ్వు పకపకమని వినిపిస్తోంది. అన్నయ్య ఏదో అంటున్నాడు. ఆ నవ్వే గొంతు అతనికి బదులు చెప్తోంది. ఈ గుసగుస ఆ నవ్వు మీదుగా వస్తోంది. రెండూ వదినవే.

"వదినా... అక్కడ నవ్వుతున్నదెవరు?"

"నాకూ తెలీదు. నేనింకా రాలేదు చిన్నీ."

చిన్ని ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"మావారు... మావారు కనిపించారా నీకు?"

"ఇక్కడే ఉన్నారు. ఇందాకే వచ్చారు. మాట్లాడలేకపోతున్నారు." గుసగుస ఆగి, మళ్ళీ వచ్చింది. "ఇక్కడ ఒక్కరికే చోటుంది. ఇద్దరం ఒకే చోట నిలబడ్డాం. నలిగిపోతున్నాం... ఒకరిని ఆపెయ్యాలట. ఎవరినో నువ్వే చెప్పాలట."

"ఎవరన్నారు ఆ మాట?"

వెనక నవ్వు ఠక్కున ఆగిపోయింది.

మొగుడి పేరు చిన్ని నాలుక చివరికొచ్చింది. ఆయన్ని ఉంచమని చెప్తే వదినని పొమ్మన్నట్టే. ఆమె నోరు తెరిచి, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది. అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది. వదినది ఆత్రంగా. ఆయనది బరువుగా, నిద్రలో ఎప్పుడూ పక్కన వినేదే. ఆ రెండింటికీ మధ్య, తీరిగ్గా, ఇంకొకరిది.