జానెడు కుడికి

"భయమేస్తోందా?" అని అడిగాడు చీఫ్ ఫెర్రిస్.

"వేస్తోంది సార్."

"మంచిది. భయం లేనివాణ్ణి పంపిస్తే శవాన్ని తెచ్చుకోవాల్సొస్తుంది."

ఆర్లో హెగ్డాల్ నవ్వలేదు. బల్ల మీద చిన్న చెక్కపెట్టె ఉంది. అందులో నలభై తూటాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాని మీదా కంపెనీ గుర్తు లేదు. సీసం కరిగించి, ఇంట్లో అచ్చులో పోసి, చేత్తో మందు కూరినవి. మూడు వారాలుగా ఆర్లో తనే కూర్చుని వాటిని పోశాడు. అతని తండ్రి మోంటానాలో గుర్రాల మేత అమ్ముకుంటూ ఖాళీ వేళల్లో తూటాలు పోసేవాడు. ఆ పని ఆర్లోకి చిన్నప్పుడే చేతికొచ్చింది. వాళ్ల కేంద్ర పోలీసు ఆఫీసులో ఇంకెవరికీ రాదు. అందుకే ఈ పని అతని నెత్తిన పడింది.

"ఇంకోసారి చెప్తాను, విను," అన్నాడు ఫెర్రిస్. "క్రోల్ అనేవాడు వేటగాడి వేషంలో డన్‌మోర్ అనే ఊరికి వస్తున్నాడు. సముద్రం అవతలి వాళ్లు డబ్బిచ్చి పంపిన హంతకుడు. వాళ్ల దేశం నుంచి మన దగ్గరికి పారిపోయి వచ్చిన డాక్టర్ వ్రాబెల్ ఆదివారం డన్‌మోర్ కోర్టు మెట్ల మీద మాట్లాడతాడు. అక్కడే ఆయన్ని కాల్చాలని వీళ్ల ప్లాన్."

"ఫ్యాక్టరీ తూటా అయితే మన లాబ్ వాళ్లు కొన్నవాడి గుమ్మం దాకా వెళ్తారు. అందుకని ఆ ఊళ్లో కొట్టున్న నెల్స్ బ్రాటెన్ అనే ముసలాడికి ఉత్తరం రాసి ఇంటి తూటాలు చేయించుకుంటున్నాడు," అన్నాడు ఆర్లో.

"అవును. బ్రాటెన్ మన కాపలాలో ఉన్నాడు. క్రోల్ అతని మొహం ఎప్పుడూ చూడలేదు. శనివారం ముసలి వేషంలో నువ్వే బ్రాటెన్‌వి. తుపాకులు కాల్చే రేంజిలో తూటాలు పరీక్షించి చూపించు, ఇచ్చెయ్, వచ్చెయ్. ఆ రాత్రికి మన నలభై మంది ఊళ్లో దిగుతారు. చేతిలో రైఫిల్‌తో దొరికితేనే కేసు నిలుస్తుంది."

"చెడ్డ తూటాలిస్తే?"

"పరీక్షలోనే తెలిసిపోతుంది. నిన్నక్కడే పాతేస్తాడు."

ఫెర్రిస్ సొరుగులోంచి చెవిటి మిషన్ తీసి ముందుకు తోశాడు. "ఇందులో రేడియో ఉంది. అరమైలు దాకా వినిపిస్తుంది. బ్రాటెన్‌కి నిజంగానే చెవుడు. గుర్తుపెట్టుకో, నీకేమీ వినబడదు."

*

శనివారం పొద్దున తొమ్మిదింటికి డన్‌మోర్ రేంజిలో ఆర్లో, క్రోల్, క్రోల్‌తో వచ్చిన ఆడమనిషి, ముగ్గురే ఉన్నారు. ఊళ్లోవాళ్లంతా జింకల వేటకో గోధుమల పనికో పోయారు. ఎండుగడ్డి కొండల మధ్య లోయ అది. ఈ చివర కాల్చేవాళ్ల బల్లలు, మూడొందల గజాల అవతల గురిబోర్డులు, వాటి కింద మనిషెత్తు గొయ్యి. గోతిలో నిలబడి తాడు లాగితే బోర్డు కిందికి దిగుతుంది. అక్కడున్నవాడు తూటా చేసిన కన్నం వెతికి, కాగితం ముక్క అంటించి, బోర్డు పైకెత్తి, పొడవాటి కర్ర చివరి తెల్లబిళ్లతో దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించాలి. అంత దూరం నుంచి నల్లచక్రంలో నల్లటి కన్నం రైఫిల్ మీది ఎంత మంచి స్కోప్ అద్దంలోనైనా కనబడదు. కాల్చేవాడు గోతిలోని మనిషిని నమ్మాల్సిందే.

క్రోల్ సన్నగా, నీటుగా ఉన్నాడు. ఒక తూటా తీసి ఎండలో తిప్పి చూశాడు.

"బాగుందయ్యా తాతా పని!" అని ఆర్లో చెవిలో అరిచాడు. "నువ్వే గోతిలోకి పో! నీ తూటా తిన్నగా పోకపోతే ముందు నీకే తెలియాలి!"

ఆర్లో తలాడించాడు. నెత్తి మీదుగా తూటాలు పోతుంటే గోతిలో నిలబడాలి. రేడియో మనుషులు రాత్రికి గానీ రారు. ఇప్పుడు అరమైలులో కాదు, ముప్పై మైళ్లలో కూడా తనవాళ్లెవరూ లేరు.

"రమోనా, నువ్వూ పో. గోతిలో ఫోనుంది. ముసలాడికి వినబడదుగా," అన్నాడు క్రోల్ కారులో కూర్చున్న మనిషితో.

రమోనా కారు దిగింది. ఆకుపచ్చ పట్టుగుడ్డ తలకి చుట్టుకుంది. పెదాలకి ముదురు ఎర్రరంగు. చంకలో కాఫీ ఫ్లాస్కు. కోటు కుడిజేబు బరువుగా కిందికి సాగి ఉంది. ఆ బరువు పిస్టల్‌దని చూడగానే ఆర్లోకి అర్థమైంది.

క్రోల్ ఆమెతో మామూలు గొంతుతో మాట్లాడుతున్నాడు. చెవిటివాడి ముందు గొంతు తగ్గించాల్సిన పనేముంది?

"డాక్టర్ ఇవాళే వస్తున్నాడు. రేపు వాన పడేలా ఉందని మీటింగు ముందుకి జరిపారు. మధ్యాహ్నం మూడింటికి. ఇక్కణ్ణించి నేరుగా గోధుమల ఎలివేటర్‌కి, అదే ఆ ఎత్తు గాదెకి, పోదాం. పై కిటికీకీ కోర్టు మెట్లకీ సరిగ్గా ఇంతే దూరం."

"ముసలాడు?"

"వాణ్ణీ తీసుకెళ్దాం. ఎలివేటర్ దగ్గర ఊరివాణ్ణి చూస్తే ఎవడూ ఏమీ అడగడు. పనయ్యాక నువ్వు వాణ్ణి కాల్చు. రైఫిల్ వాడి చేతిలో పెడదాం. తూటాలు వాడివి, సీసం వాడి కొట్టులోది. పోలీసులకి ఇంకేం కావాలి?"

ఆర్లో తూటాల పెట్టె మూత సర్దుతున్నాడు. మొహంలో ఒక్క నరం కూడా కదలకూడదు. కదలలేదు. కానీ చేతిలో మూత రెండుసార్లు పెట్టెకి కొట్టుకుని టకటకమంది. రమోనా ఆ చేతి వైపు చూసింది. చూసి, గోతి వైపు నడిచింది.

*

గోతిలో తడిమట్టి వాసన. డబ్బాలో మైదాజిగురు, కుంచె, నల్లకాగితం ముక్కలు, లెక్క రాసే పెన్సిలు. ఏడాది పొడుగునా పోటీలకి వాడిన బోర్డు అది, నిండా పాత అతుకులే.

మొదటి తూటా వచ్చింది. ముందు నెత్తి మీద కొరడా ఛెళ్లుమన్నట్టు చప్పుడు. ఆ వెనక ఎక్కడో దూరంగా రైఫిల్ మోత. వెనక కొండమట్టి జలజలా రాలింది. ఆర్లో మెడ భుజాల్లోకి కుంచించుకుపోయింది. తాడు లాగాడు.

కన్నం నల్లచక్రం నట్టనడుమ ఉంది. అంగుళం కూడా పక్కకి పోలేదు.

జీవితంలో ఇంత మంచి తూటాలు తనెప్పుడూ పోయలేదు. ఈ చేతులే డాక్టర్‌ని చంపబోతున్నాయి. కోటు కింద ఆయన ఉక్కు చొక్కా వేసుకుంటాడని క్రోల్‌కి తెలుసు, అందుకే తలకే గురిపెడతాడు. తల అంటే ఎంత? అటు బెత్తెడు, ఇటు బెత్తెడు.

ఆర్లో కళ్లు పెన్సిలు మీద పడ్డాయి. చిటికెన వేలంత లావు. తూటా కూడా ఇంచుమించు అంతే.

గోతిలోని ఫోన్ క్రోల్ బల్లకి తప్ప ఎక్కడికీ పోదు. పారిపోలేడు. రమోనా పిస్టల్ మూడడుగుల దూరంలో ఉంది. చెయ్యగలిగింది ఒక్కటే, అదీ ఆమె కళ్లముందే చెయ్యాలి.

నడిమి కన్నం మీద నల్లముక్క అంటించాడు. పెన్సిలు తీశాడు. నడిమికి ఎడమగా జానెడు కొలిచి, కాగితంలోకి పొడిచాడు. తూటా సీసం మసి అంటించినట్టే పెన్సిలు మొన కన్నం చుట్టూ బూడిదరంగు అంచు వదిలింది.

వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఆర్లో తల తిప్పలేదు. వీపు మధ్యలో ఒక రూపాయంత చోటు మండుతున్నట్టయింది. తూటా దిగేది అక్కడే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. నాలుగు, అయిదు.

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. సిగరెట్ పొగ వాసన.

ఫోన్ మోగింది. రమోనా ఎత్తింది. "ఎడమకి పోయింది. జానెడు... అవును, నేనే చూశాను."

ఆర్లో బోర్డు పైకెత్తి కర్రబిళ్లని ఎడమవైపు పెట్టాడు.

ఇంకో రెండు తూటాలు నడుమనే పడ్డాయి. రెండింటినీ ఎడమగా చూపించాడు. గురిని కుడికి జరపడానికి క్రోల్ స్కోప్ మర తిప్పాడు. నాలుగో తూటా జానెడు కుడికి వచ్చింది. ఆర్లో దాన్ని అతికేసి, నట్టనడుమ పెన్సిలుతో పొడిచాడు. అయిదోదీ, ఆరోదీ, ఏడోదీ అంతే. ఫోన్‌లో క్రోల్ సంతోషంగా నవ్వడం వినిపించింది. వినబడనట్టు జిగురుడబ్బా మూత వెతుక్కున్నాడు.

"వస్తున్నాడు," అంది రమోనా గోడతో చెప్పినట్టు. "బోర్డు చూస్తాడట."

కుడిపక్క అతుకులు నాలుగూ తడిగా నిగనిగలాడుతున్నాయి. ఎండటానికి పావుగంటైనా పడుతుంది. క్రోల్ కారు వినిపిస్తోంది. ఆర్లో చొక్కాచేత్తో తుడవబోయాడు, అతుకు జారింది, కింద కన్నం అంచు బయటపడింది. మళ్లీ నొక్కాడు.

క్రోల్ బూట్లు గోతి మెట్ల మీద కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే రమోనా ఫ్లాస్కు మూత తీసింది. చెయ్యి జారిందో, కావాలని జార్చిందో, కాఫీ అంతా బోర్డు కుడిపక్క మీద పడి కిందికి కారింది.

"ఛీ, ఈ ముసలాడు! మోచేత్తో తోసేశాడు!" అని ఆర్లో భుజం మీద ఒక్కటి చరిచింది.

క్రోల్ విసుగ్గా బోర్డు దగ్గరికొచ్చాడు. నడిమి నాలుగు కన్నాల మీద వేలు తిప్పాడు. అరచెయ్యి మూస్తే నాలుగూ దాక్కునేంత దగ్గరగా ఉన్నాయి. తర్వాత వేలు కుడికి జరిగింది, తడి కాగితం మీద ఆగింది. క్రోల్ వేలు పైకెత్తి వాసన చూసి, కోటుకి తుడుచుకున్నాడు.

"కాఫీ తాగడం కూడా రాదు నీకు," అన్నాడు రమోనాతో. ఆర్లో చెవిలో అరిచాడు. "తాతా! నువ్వు బంగారం!"

*

మూడింటికి పది నిమిషాలుండగా ముగ్గురూ ఎలివేటర్ పైఅంతస్తులో ఉన్నారు. కింద ఊళ్లో హైస్కూలు బ్యాండు మోగుతోంది. గోధుమ పొట్టు ధూళి ఎండలో తేలుతోంది. క్రోల్ బస్తాల మీద రైఫిల్ ఆనించి కిటికీ దగ్గర పడుకున్నాడు. ఆర్లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రమోనా పిస్టల్ బయటికి తీసి అతని వైపు పట్టుకుంది.

కాఫీ నిజంగానే జారిందేమో. పెన్సిలు సంగతి ఆమె చూసిందో లేదో. చూసినా పట్టించుకోలేదేమో. ఫోన్‌లో చెప్పింది తను చూపించిన మాటేనేమో. ఆర్లోకి ఏదీ తేలడం లేదు. డాక్టర్ వ్రాబెల్ టోపీ తీసి మెట్లెక్కుతున్నాడు. తెల్లజుట్టు మనిషి. తన తల నుంచి తూటాకి జానెడు దూరమే ఉండబోతోందని ఆయనకేం తెలుసు?

మూడు గంటలు కొట్టింది. క్రోల్ కాల్చాడు.

డాక్టర్ చెవి పక్కనున్న రాతిస్తంభం మీద తెల్లటి దుమ్ము లేచింది. ఆయన నిలబడే ఉన్నాడు, బ్యాండువాళ్ల డ్రమ్ము పగిలిందేమోనన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు.

"కుడికి," అన్నాడు క్రోల్. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. "జానెడు కుడికి." మెల్లగా తల తిప్పి ఆర్లోని చూశాడు. కళ్లు చిన్నవయ్యాయి. అన్నీ అర్థమైపోయాయి. కానీ ముందు పని ముందు. బోల్టు లాగి ఇంకో తూటా ఎక్కించి, ఈసారి గురిని జానెడు ఎడమకి జరిపి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టాడు.

ఆర్లో ఎలా లేచాడో అతనికే తెలీదు. రైఫిల్ గొట్టం మీద ఒళ్లంతా పడేశాడు. కాలిన గొట్టం అరచేతికి అంటుకుంది. మోత మొహం మీదే పేలింది. కప్పు రేకు చిల్లుపడింది. పావురాలు టపటపా లేచాయి.

"రమోనా! కాల్చు!" అని అరిచాడు క్రోల్.

ఆర్లో కళ్లు మూసుకున్నాడు.

"రైఫిల్ వదిలెయ్ క్రోల్," అంది రమోనా. పిస్టల్ మూతి క్రోల్ చెవి వెనక ఆనింది. "మళ్లీ చెప్పను."

క్రోల్ వదిలేశాడు. అతని చేతులు బెల్టుతో కట్టేటప్పుడు కూడా ఆర్లో పళ్లు టకటకమంటూనే ఉన్నాయి.

"మీరెవరు?" అన్నాడు చివరికి.

"నౌకాదళం గూఢచారి విభాగం. రెండేళ్లుగా వీడి వెంటే ఉన్నాను. మీరు?"

"చీఫ్ ఫెర్రిస్ మనిషిని. మీ సంగతి మాకెవరూ చెప్పలేదే!"

"మీ సంగతి మాకు మాత్రం ఎవరు చెప్పారు? పెన్సిలుతో మీరేం చేస్తున్నారో అర్థమయ్యేదాకా మీరు నిజంగా బ్రాటెన్ అనే అనుకున్నాను. ఆ గోతిలోనే మిమ్మల్ని కాల్చేసి, పైకి పోయి క్రోల్‌ని పట్టుకుందామనుకున్నాను."

"ఎప్పుడు?"

"మీరు అయిదు లెక్కపెడుతున్నప్పుడు. గొణుక్కుంటూ లెక్కపెట్టారు, తెలుసా?"

ఆర్లో బస్తా మీద కూలబడ్డాడు. కిందినుంచి ఎవరో రైతు గొంతు చించుకుంటున్నాడు. మీటింగుకి పోకుండా గోధుమల లారీ తోలుకొచ్చినట్టున్నాడు.

"ఓ పైనున్నవాళ్లూ! ఆ కారెవరిదయ్యా? దారికడ్డంగా పెట్టి పోయారు! తియ్యండి, సరుకు దించుకోవాలి!"

ఆర్లో కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఒక్క పది నిమిషాలాగు బాబూ! కాళ్లు వణుకుతున్నాయి, మెట్లు దిగలేను!"

ఆ ఊరొచ్చాక అతను ఊరివాళ్లతో చెప్పిన మొదటి నిజం అదే.