మోసినవాళ్ళ పేర్లు

"హంతకుణ్ణి మూడో చాప్టర్లోనే పట్టేశాను. మీ డిటెక్టివ్‌కి ఇరవై రెండో చాప్టర్ దాకా ఏటి పనండీ?"

పుస్తకం బల్లమీద పడేసి ఆ అమ్మాయి నన్ను నిలదీసింది, అదేదో నేనే రాసినట్టు!

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పేరు సన్యాసిరావు. ప్రేమకథకి అచ్చిరాని పేరే, ఏం చేస్తాం! అరకులో మా నాన్న సర్వేశ్వరరావుది కిరాణా కొట్టు. దాని అరుగు మీద నేను నవలలు అద్దెకిచ్చేవాణ్ణి. ఆమె స్వర్ణ. కొండమీద తన సొంతూళ్ళోనే టీచరు. శుక్రవారం సంతకి దిగినప్పుడల్లా రెండు నవలలు పట్టుకెళ్ళేది.

"అంత బేగి ఎలా పట్టేశారండీ?"

"ఇంట్లో ఏం జరిగిందో వంటావిడకి తెలీదా? ఆవిణ్ణి ఒక్కడూ అడగడేం?"

ఆ నవల నేను రెండుసార్లు చదివాను. వంటావిడ ఉందన్న సంగతే నాకు గుర్తులేదు.

చారిత్రక నవలలంటే ఆమెకి ఇంకా కోపం. ఒకరోజు వానకి మా చూరు కింద నిలబడి, తడిసిన జడ పిండుకుంటూ అంది.

"ఈ రాజుగారు సైన్యంతో ఘాటీ ఎక్కాడంట. గుర్రాలకి కూడా పేర్లున్నాయి. మరి బస్తాలు మోసినోళ్ళకి? ఒక్కడికీ పేరు లేదు. మా తాతలే అయ్యుంటారు."

నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. దాచడం ఎందుకు, ఆ వానలోనే నేను ప్రేమలో పడ్డాను.

చెప్పే ధైర్యం లేక నవల రాయడం మొదలెట్టాను. ఒక రాజు, ఒక ఘాటీ, ఒక కొండపిల్ల. ఎనిమిది నెలలు పట్టింది. పార్వతీపురంలో మా బావ డీటీపీ చేసిపెట్టాడు. అద్దె పుస్తకాలన్నిటికీ వేసే గోధుమరంగు అట్టే దీనికీ వేసి కుట్టాను. ఎవరు రాశారని అడిగితే మొదటి పేజీ చిరిగిపోయిందని చెబుదామని నా ఎత్తు. అదీ చేతకాక పుస్తకం బల్లకిందే ఉండిపోయింది.

ఈలోగా ఆమెతో పనిచేసే కనక సబ్బులు కొనడానికొచ్చి బాంబు పేల్చింది.

"మా స్వర్ణకి పాడేరు సంబంధం వచ్చింది. పై ఆదివారం వస్తన్నారు. అది అవుననదు, కాదనదు. దాని మనసులో ఏటుందో మరి!"

ఆ శుక్రవారమే పుస్తకం స్వర్ణ చేతిలో పెట్టాను. "ఎలా ఉందో చెప్పండి. బేగి చెప్పండి," అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఇంక మిగిలింది ఒక్క శనివారం.

"బాగోలేదు," అంది రావడం రావడమే.

నేను బల్లమీద పుస్తకాలు సర్దడం మొదలెట్టాను.

"పిల్ల తండ్రి అరటిపళ్ళు పట్టుకుని అబ్బాయింటికెళ్ళి, మా పిల్లని చేసుకోండని అడుగుతాడా? మాలో అలా ఎవరు చేస్తారు? అబ్బాయివాళ్ళే కల్లుకుండ పట్టుకుని పిల్ల గుమ్మానికి రావాలి. పిల్ల ఊఁ అంటేనే పెద్దోళ్ళు తాగుతారు. రాసినాయన మైదానం మనిషి."

"అయ్యుండొచ్చండీ."

"కానీ..." ఆమె గొంతు తగ్గింది. "మోసినోళ్ళు పదకొండుమందికీ పేర్లు పెట్టాడు. ఒకడి కాలు బెణికితే సైన్యం మొత్తం ఆగింది. అక్కడ ఏడ్చాను. ఆ పేర్ల సంగతి నేను ఒక్కరితోనే అన్నాను, సన్యాసిరావుగారూ."

ఇంక దాక్కోడానికి చోటేదీ?

"మీరంటే నాకు ప్రాణమండీ," అనేశాను. సంత మధ్యలో, చింతపండు తూస్తున్న మా నాన్నకి వినపడేలా!

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు తెరిచి, "పాడేరోళ్ళు ఎల్లుండి వస్తారు. రేపు మా నాన్న ఇంట్లోనే ఉంటాడు," అని గబగబా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా నాన్న నా వైపు చూడకుండానే అన్నం తిని లేచిపోయాడు. అయిపోయిందనుకున్నాను. తెల్లారి పళ్ళు తోముకుంటూ అడిగాడు.

"ఒరే, ఆ పిల్ల సుక్రు కూతురు కదూ?"

"అవున్నాన్నా."

"ముప్పై ఏళ్ళుగా మనకి పసుపు తెస్తన్నాడు. ఒక్కసారి తడి సరుకు తేలేదు. కుండ ఎక్కడ దొరుకుద్దో కనుక్కో."

కొండ ఎక్కేసరికి ఇద్దరికీ చెమటలు. కుండలో పావువంతు దారిలోనే ఒలికిపోయింది. వాకిట్లో సుక్రు కుండ వైపు చూశాడు, మమ్మల్ని చూశాడు, గుమ్మంలో ఉన్న కూతురి వైపు తిరిగాడు.

"ఏటమ్మా?"

"తాగండి నాన్నా," అంది స్వర్ణ, తల దించుకోకుండా.

సుక్రు ఆకుదొప్పలో కల్లు నింపి ముందు మా నాన్నకే అందించాడు. ఏకాదశి నాడు మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి మా నాన్న! దొప్ప వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"మీ అమ్మకి సెప్పావో, సంపేస్తాను," అని గొణిగి, కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు.

పొలమారింది. సుక్రు నవ్వుతూ వీపు తట్టాడు. స్వర్ణ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగున వచ్చింది.

"మెల్లగా, మెల్లగా తాగండి మామయ్యా."

దగ్గుకో, మరెందుకో, మా నాన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.