వేడెక్కిన డిస్కు

వెంకట్రాజు గారింట్లో దొంగతనం జరిగింది. పోయింది బంగారం కాదు. చనిపోయిన భార్య గొంతు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఏలూరు సైబర్ సెల్ ఎస్సై మేధ మండవల్లి దాటి, చేపల చెరువు గట్టు మీద జీపు దిగింది. నీటికాకులు వాలకుండా చెరువు మీద తీగలు లాగి, పాత సీడీలు వేలాడదీశారు. ఎండకి రంగులు చిమ్ముతున్నాయి. చివరి రెండింట్లో మాత్రం రంగుల్లేవు. అద్దం ముక్కల్లా తెల్లగా మెరుస్తున్నాయి. మేధ కళ్ళు చిట్లించుకుని ఇంట్లోకి నడిచింది.

హాల్లో టీవీ పక్కన చిన్న నల్లటి స్టోరేజ్ బాక్సు. అందులో రెండు హార్డ్ డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ఒకటి పాడైతే దాన్ని మార్చుకుంటే చాలు.

"ఇరవయ్యేళ్ళ వీడియోలమ్మా," అన్నాడు వెంకట్రాజు. అరవై దాటిన మనిషి. "రోజూ మా కుసుమ వీడియో ఒకటి చూశాకే కాఫీ. గట్టు మీద నిలబడి పక్షుల్ని తోలేది. 'హుష్, పొండర్రా! మీ బాబు చెరువనుకున్నారా?' అని."

గుమ్మం వైపు వేలు చూపించాడు.

"ఒక డిస్కు పాడైతే కొత్తది పెట్టాను. అయినా బొమ్మ రావట్లేదని ఇతన్ని పిలిచాను. శనివారం వచ్చి, బాక్సులో మిగిలిన పాత డిస్కు ల్యాబ్‌లో చూపిస్తానని పట్టుకెళ్ళాడు. మంచిది కొట్టేసి, పాడైంది తెచ్చాడు."

గుమ్మంలో ఏలూరు కంప్యూటర్ షాపు కిరణ్ కుమార్. ముఖం పాలిపోయింది.

"ఒట్టండి మేడం. బాక్సులో మిగిలిందే పాడైందండి. లోపలంతా గీరుకుపోయిందని ల్యాబ్ వాళ్ళన్నారు. కేసు పెడితే నా షాపు మూసుకోవడమేనండి."

మేధ వెంకట్రాజు వైపు తిరిగింది. "కొత్త డిస్కు పెట్టిందెవరండీ?"

"నేనే. శుక్రవారం. ఎర్ర లైటున్నది తియ్యమని ఇతనే ఫోన్లో చెప్పాడు."

"ఎర్ర లైటున్నదే తీశారా?"

వెంకట్రాజు తడబడ్డాడు. "బాక్సు ఒకటే కూత. భరించలేక స్విచ్చి ఆపేశాను. లైట్లారిపోయాయి."

"మరి పాడైంది ఏదో ఎలా తెలిసింది?"

"చేత్తో పట్టుకు చూశాను. ఒకటి చల్లగా ఉంది. ఒకటి కాలిపోతోంది. చెరువులో గాలి కొట్టే ఏరేటర్ మోటార్లు ఎన్ని చూశానమ్మా! కాలిందంటే మోటారు పోయినట్టే. అదే పీకేశాను."

కిరణ్ నోరు తెరవబోయాడు. మేధ కళ్ళతోనే ఆపింది.

"పీకింది ఎక్కడుందండీ?"

"చచ్చినదాంతో పనేముంది? మా కాపలా ఇస్సాకుకి ఇచ్చేశాను."

మేధ గుమ్మం వైపు నడిచింది. "రండి," అంది.

గట్టు మీద ఇస్సాకు వలలు ఆరబెడుతున్నాడు. మేధ తీగ చివర చూపించింది. "అవెక్కడివి?"

"అయ్యగారిచ్చిన పెట్టెలోవేనండి. స్క్రూలు విప్పితే రెండు బిళ్ళలు. సీడీల కంటే బాగా మెరుస్తున్నాయని కట్టానండి."

మేధ గొంతు తగ్గించింది.

"రాజు గారూ, తిరిగే డిస్కే వేడెక్కుతుంది. పాడైంది తిరగడం మానేసి చల్లబడింది. మీరు పీకింది బతికున్నదాన్నండీ. కిరణ్ ఏమీ తియ్యలేదు."

వెంకట్రాజు కిరణ్ వైపు తిరిగాడు.

"ఏమైనా చెయ్యొచ్చా బాబూ?"

కిరణ్ తలదించుకున్నాడు. "ఎండా, దుమ్మూ, చెరువు గాలీ... ఇంకేం రాదండి."

"నిన్ను దొంగన్నాను."

"వదిలెయ్యండి, రాజు గారూ."

ఇస్సాకు కళ్ళొత్తుకుంటూ గెడ అందుకున్నాడు. "తీసేస్తానండయ్యా."

"వద్దురా. ఉండనీ."

అప్పుడే ఒక నీటికాకి చెరువు మీదికి దిగింది. చివరి బిళ్ళ గాలికి తిరిగి తళుక్కుమంది. పక్షి బెదిరి, రెక్కలు కొట్టుకుంటూ పైకి లేచిపోయింది.

"హుష్..." అన్నాడు వెంకట్రాజు.

తరవాతి మాట రాలేదు.